బల్లి పలికిన పెళ్ళి

శుక్రవారం పొద్దున నవత వేసుకున్న పథకంలో ఎక్కడా పెళ్ళి లేదు. ఒక బబ్బెర గింజ ఉంది, దాన్ని నాటిన అద్దాల కుండీ ఉంది, పక్కన జానెడు ఎత్తు బొమ్మ టీచరమ్మ ఉంది, ఎదురుగా మూడు కాళ్ళ స్టాండు మీద ఒక పాత కెమెరా ఉంది. గింజ దాని మానాన అది మొలకెత్తాలి. కెమెరా ఐదు నిమిషాలకొకసారి దానంతటదే 'టిక్' మని ఫోటో తీసుకోవాలి. ఆ ఫోటోలన్నీ వరుసగా పేర్చి నడిపిస్తే, రోజుల తరబడి సాగిన మొలక ముచ్చట అర నిమిషంలో కళ్ళ ముందు జరిగిపోతుంది. టీచరమ్మ పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. అంతే. ఆ రోజు సూరత్ మొత్తం మీద ఇంతకన్నా సాధువైన పథకం ఇంకొకటి ఉండి ఉండదు.

పర్వత్ పాటియాలో నవత అత్తగారింటి ముందుగదే ఆమె స్టూడియో. మామ లింగం ఏళ్ళ తరబడి పవర్‌లూమ్ నడిపి, ఆ చప్పుడుకు సగం చెవులు సమర్పించుకుని, ఇప్పుడు అరుగు మీద కూర్చుంటున్న మనిషి. కోడలు ఎవరి సినిమాలకో ఎవరి బొమ్మలనో కదిలించే ఉద్యోగం మానేసి, "మామా, నేనే ఒక యానిమేషన్ స్టూడియో పెట్టుకుంట" అన్నప్పుడు, ఆ మాట సగమే వినబడినా గది మాత్రం పూర్తిగా ఇచ్చాడు. కెమెరా, కంప్యూటర్ పనులకు శివకృష్ణ తోడయ్యాడు. అతను సూరత్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని ఏ భాషలో ముగిస్తాడో అతనికే తెలియదు.

ఆ గదిలో అప్పటికి రెండు మంచి పనులు జరిగాయి. ఒకటి, జొన్నరొట్టెను తుంచి భిన్నాలు నేర్పే లెక్కల పాఠం. రెండోది, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ మాట్లాడి ఇంటికొచ్చేసరికి తెలుగు మరిచిపోతున్న పిల్లల కోసం, నేతవాడల అవ్వలు చెప్పిన కథలకు బొమ్మలు కట్టిన వరుస. బొమ్మను వెంట్రుక వాసి జరపడం, ఫోటో తీయడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. పొద్దంతా ఇలా చేస్తే సాయంత్రానికి తెర మీద అవ్వ ఒక్కసారి తల ఊపుతుంది. చూసిన వాళ్ళంతా మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

నిజంగా పని ఇస్తానని వచ్చింది ఒక్క వసంతలక్ష్మి. ఆవిడ గుంటూరులో సైన్సు టీచరుగా చేసి రిటైరై, హజీరా కంపెనీలో ఇంజనీరైన కొడుకు దగ్గరకు వచ్చి, అక్కడి కుటుంబాలు కలిసి పెట్టిన ఒక విద్యా సంస్థకు పెద్ద దిక్కయ్యారు. బడుల కోసం వరుసగా సైన్సు పాఠాలు చేయించాలని ఆవిడ ఆలోచన. మచ్చుకు ఒక పాఠం చేసి చూపమన్నారు, రెండు షరతులతో.

"సైన్సులో ఒక్క తప్పున్నా నేను ఒప్పుకోనమ్మా. రెండోది, టీచరు అందరి పిల్లలకూ టీచరే. బొట్టు, గాజులు, పూలు, ఏమీ వద్దు. ఏ ఇంటి పిల్ల చూసినా మా టీచరే అనుకోవాలి. ఇంకో మాట, రోజూ ఎంతవరకు వచ్చిందో నాకు కనిపిస్తుండాలి."

సోమవారం ఆవిడ వచ్చి తీర్పు చెప్పాలి. ఆ సోమవారం మీదే నవత ప్రాణమంతా పెట్టుకుంది. ఎందుకంటే చీరల పార్సిళ్ళ వ్యాపారి ఒకాయన ఆ గది గోదాముకు కావాలని లింగం చుట్టూ తిరుగుతున్నాడు.

"నేను రూం గుంజుకుంటలేను బిడ్డా," అన్నాడు లింగం, మొహం చూడలేక గోడ వైపు చూస్తూ. "మేడం అవునంటె రూం నీదే. కాదంటె మంగళారం పార్సిళ్ళు దిగుతయ్. ఎన్నొద్దులని ఊకె పెట్టుకుంటం?"

ఆయన మాటలో అన్యాయం లేదు. అదే నవతకు ఎక్కువ బాధ. అన్యాయమైతే కనీసం పోట్లాడవచ్చు.

గింజ నాటిన పొద్దునే నవత, శివకృష్ణ అహమదాబాద్ బయల్దేరాలి. అక్కడ పిల్లల కథల పండుగలో వాళ్ళ అవ్వల కథలు వేస్తున్నారు; సోమవారం పొద్దుటికి గానీ తిరిగి రారు. నవత భర్త మార్కండేయ ఊరి చివర సచిన్ అనే పేటలో ఒక మిల్లులో మగ్గాల మెకానిక్. ఆ వారం రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. అందుకని గది అత్త ఎల్లవ్వకు అప్పగించింది.

"అత్తమ్మా, జర మంచిగ ఇను. లైటు బంద్ చెయ్యద్దు. కెమెరా ముట్టద్దు. టేబుల్ కదిలియ్యద్దు. పొద్దుమీకి ఒక్క చెంచెడు నీళ్ళు కుండీల పొయ్యాలె. గంతే."

"లైటు ముట్ట. కెమెరా ముట్ట. టేబుల్ ముట్ట," ఎల్లవ్వ వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. "నువ్వు రంది వెట్టుకోకు బిడ్డా. పానం లెక్క చూస్కుంట."

"అక్కా, ఫోటోలన్నీ రోజూ సాంజె, పొద్దుగూకంగనె, ఆటోమేటిక్ జోడై మేడం ఫోల్డర్‌లకు పోతయ్," అన్నాడు శివకృష్ణ సంచి భుజాన వేసుకుంటూ. "మనం ఇక్కడ లేకున్నా మేడం చూస్తనే ఉంటది. టెన్షన్ నహీ."

బొమ్మను ముట్టొద్దని నవత చెప్పలేదు. చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది? మొలక పాఠంలో బొమ్మకు పనేముంది గనక!

వాళ్ళటు వెళ్ళగానే ఎల్లవ్వ చీపురు పట్టుకుని గదిలోకి వచ్చింది. వాకిలి దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం పూట, దీపం వెలుగుతున్న ఇంట్లో, తల దువ్వుకుని చీర కట్టుకుని ఒక ఆడమనిషి బోసి నుదురుతో నిలబడి ఉంది. బొమ్మే కావచ్చు. కళ్ళు, ముక్కు, కొంగు ఉన్నాక నుదురుకు మాత్రం మర్యాద లేదా? ఎల్లవ్వ చీపురు గోడకు ఆనించింది. కోడలు వద్దన్నవి ఇంకోసారి వేళ్ళ మీద లెక్క చూసుకుంది. లైటు, కెమెరా, టేబుల్. బొమ్మ అందులో లేదు. అగ్గిపుల్ల చివరకు కుంకుమ అద్ది, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత బొట్టు పెట్టింది. 'టిక్' మంది.

పక్కింటి పోశమ్మ మధ్యాహ్నం వచ్చింది. ఆ వీధిలో ఆడవాళ్ళు మార్కెట్టు చీరలు ఇంటికి తెచ్చుకుని పోగుల కొసలు కత్తిరిస్తుంటారు. ఆ పనికి పోశమ్మే పెద్ద. చీరల పనికే కాదు, పురుళ్ళకు, పెళ్ళిళ్ళకు, తగవులకు కూడా ఆమే పెద్ద. కత్తెర పక్కన పెట్టి బొమ్మను తేరిపార చూసింది.

"నుదురుకు బొట్టున్నది, చేతులు బోడిగున్నయేందే ఎల్లవ్వా?"

"నాకు తట్టనే లేదు పోశక్కా."

ఆకుపచ్చ పూసలు దారానికి గుచ్చి రెండు చేతులకూ గాజులు వేశారు. పోశమ్మ వెనక్కి జరిగి చూసి తృప్తిపడింది. ఆ తర్వాతే ఆమెకు అసలు అనుమానం వచ్చింది.

"ఈ పిల్ల ఒక్కతే ఉంటదా గీ రూంల?"

"ఒక్కతెందుకుంటది? గా అల్మారల లెక్కల సారున్నడు గద. రొట్టెల పాఠం జెప్పిండు సూడు, ఆయనే."

పోశమ్మ అల్మారా వైపు చూసింది. మీసాలున్న లెక్కల మాస్టారు బల్ల వెనుక కూర్చుని, అద్దాల తలుపులోంచి సూటిగా టీచరమ్మనే చూస్తున్నాడు. ఆయన చూపు ఎటు తిప్పినా సూటిగానే ఉంటుంది, కళ్ళు అలా అతికించారు. ఆ సంగతి పోశమ్మకు తెలియదు.

"ఒక్క రూంల ఆడపిల్ల, మొగపిల్లగాడు. మూడు దినాలు నీ కోడలు ఇంట్ల లేదు. మంచిగుంటదానె?" పోశమ్మ గొంతు తగ్గించింది. "ఇద్దరు నౌకరి జేస్తున్నరు. ఈడుజోడు కుదిరింది. ఈమెను ఆ సారుకే ఇచ్చి చేస్తె అయిపోదా?"

'టిక్' మంది.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"బల్లి పల్కింది!" అంది ఎల్లవ్వ.

"సత్తెం, సత్తెం," అని పోశమ్మ మూడు వేళ్ళతో నేల మీద తట్టింది.

మాట నోట్లోంచి వచ్చీ రాగానే బల్లి పలికితే అది జరిగి తీరవలసిన మాటే. ఇందులో వాదనకు తావు లేదు. అయినా ఎల్లవ్వ జాగ్రత్త మనిషి. గోడలన్నీ చూసింది, బల్లి కనబడలేదు. ఇంకోసారి అడిగి చూద్దామంది. ఇద్దరూ చాయ్ పెట్టుకుని తాగారు, కట్నకానుకల గురించి కొంత మాట్లాడుకున్నారు. చివరికి పోశమ్మ, "అయితె రేపే ఎంకన్న వారం, పొద్దుగాలనే కానిద్దాం" అంది. మళ్ళీ 'టిక్' మంది. ఇక ఎవరేం చేయగలరు!

పెళ్ళికొడుకును అల్మారాలోంచి దించితే ఒక సంగతి బయటపడింది. రొట్టెల పాఠమంతా ఆయన బల్ల వెనుకే కూర్చుని చెప్పాడు గనక నవత ఆయన్ను నడుము దాకానే చేసింది.

"పోశక్కా, పిల్లగానికి కాళ్ళు లేవే!" ఎల్లవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది.

పోశమ్మ కాసేపు ఆలోచించింది. ఎన్ని సంబంధాలు కుదిర్చిన మనిషి! "అయితేంది? కూసుండి జేసే నౌకరి. తిరుగుబోతు గాదు. గసుంటోడు దొరకాలెనంటె తపస్సు జెయ్యాలె."

సాయంత్రం నవత ఫోను చేసింది. "అత్తమ్మా, అంత మంచిగున్నదా?"

"మంచిగున్నది బిడ్డా. పొద్దున బోసిగుండె, ఇప్పుడు కళొచ్చింది."

నవత ప్రాణం లేచి వచ్చింది. నాటిన రోజే మట్టి పగిలిందా! "అప్పుడేనా? నీళ్ళు పోసినవా?"

"ఇయ్యాల చెంచెడు పోసిన. రేపు జర ఎక్కువ పడుతయేమో, పది మంది ఒస్తరు గద."

చివరి మాట పండుగ మైకు గోలలో కలిసిపోయింది. నవత ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. పాపం, మళ్ళీ సోమవారం దాకా ఆమెకు దక్కిన ఆఖరు నిద్ర కూడా అదే అయ్యేది, ఇంట్లో జరిగేది తెలిసి ఉంటే. తెలియలేదు గనక శని, ఆదివారాల రాత్రులు కూడా నిద్రపోయింది.

శనివారం పొద్దున వీధి ఆడవాళ్ళంతా కత్తెరలు పక్కన పెట్టి వచ్చారు. సొంతూళ్ళో చుట్టాల పెళ్ళిళ్ళకు సెలవు దొరకక, టికెట్టు దొరకక, ఫోనులో వీడియోలు చూసి సరిపెట్టుకునే వాళ్ళు. తమ చేతుల మీద ఒక పెళ్ళి జరిగి ఎన్నాళ్ళయిందో! ఒకామె జరీ చీర కొసతో పట్టుచీర కుట్టుకొచ్చింది, ఒకామె పసుపు కొమ్ముతో పుస్తె కట్టింది, ఇంకొకామె ఇంటి ముందు బిందెలు కడిగి పెట్టింది, ఎందుకో ఆమెకే తెలియదు.

అమ్మాయి తరఫున కన్యాదానం ఎవరు చేయాలన్న చర్చ సాగుతుండగా, పార్సిళ్ళు ఎన్ని పడతాయో చూద్దామని లింగం టేపు పట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆయన్ను భుజాలు పట్టి కూర్చోబెట్టారు.

"నేను గోడ కొలవనీకి ఒచ్చిన," అన్నాడు లింగం.

"తర్వాత కొలుద్దువుగని. ముందుగాల పిల్లను ధారవోయి," అంది పోశమ్మ.

లింగానికి కొడుకే గానీ కూతుళ్ళు లేరు. ఎవరి కాళ్ళూ కడిగిన పాపాన పోలేదు. ఈ అల్లుడికి కాళ్ళే లేవు. అయినా ఆ బుల్లి చేతిని అరచేతిలో పెట్టుకునేసరికి ముసలాయనకు కళ్ళు చెమర్చాయి. చెంబెడు నీళ్ళు ధారపోశాడు. పళ్ళెం పెట్టడం అందరూ మరిచిపోయారు. ధార అంతా సరాసరి కుండీలోకి వెళ్ళింది. తలల మీద జీలకర్ర బెల్లం పెట్టారు. తలంబ్రాలు కురిశాయి. బల్లి మధ్యమధ్యలో పలుకుతూనే ఉంది. ఇంత నిండు మనసుతో దీవించే బల్లిని తామెన్నడూ చూడలేదని ఆడవాళ్ళు చెప్పుకున్నారు.

అందరూ మొలకెత్తిన బబ్బెర్లు ఉడికించిన గుడాలు తిని వెళ్ళాక ఎల్లవ్వ కుండీ వైపు చూసి నిలువునా నీరైపోయింది. మట్టి బురదయింది. నవత ఎంచి ఎంచి నాటిన గింజ ఉబ్బి, పైకి తేలి, చీదరగా పడి ఉంది. కోడలు ఎంత ఆశపడిందో ఎల్లవ్వకు తెలుసు. అన్నం కంచం ముందు కూడా ఆ గింజ గురించే మాట్లాడింది పిల్ల. ఎల్లవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత నీళ్ళు వంచేసి, పొడి మన్ను నింపి, వంటింట్లో గుడాలకు కట్టిన మూటలో మిగిలిన ఒక గింజ తెచ్చింది. దానికి అప్పటికే తెల్లటి తోక వచ్చి ఉంది. ఎల్లవ్వ మగ్గాల ఇంట పుట్టి మగ్గాల ఇంటికి వచ్చిన మనిషి. పొలం గట్టు ఎక్కి ఎరగదు. తోక బయటికొచ్చిందంటే అదే మొక్క అనుకుంది. మొక్క పైకి పెరగాలి గనక తోకను పైకి పెట్టి, కోడలికి బాగా కనబడాలని అద్దానికి ఆనించి నాటింది. 'టిక్' మంది. బల్లి కూడా ఒప్పుకుందని ధైర్యం తెచ్చుకుంది.

ఆ సాయంత్రానికి బెల్లం వాసనకు చీమలు బారులు కట్టాయి. ఎల్లవ్వ వధూవరుల చుట్టూ పసుపుతో గీత గీసింది. ఆదివారమంతా చీమలకూ ఎల్లవ్వకూ యుద్ధం జరిగింది. కుండీని మాత్రం ఆమె మళ్ళీ తొంగి చూడలేదు. భయం.

సోమవారం పొద్దున రైలు భరూచ్ దాటాక నవత ఫోను మోగింది.

"నవతా, వసంతలక్ష్మిని. మూడు రోజులుగా ఫోల్డరు చూస్తున్నానమ్మా." ఆవిడ గొంతులో నవ్వు లేదు. "ఇది ఫోనులో మాట్లాడే విషయం కాదు. నేను ఇంట్లోంచి బయల్దేరాను. పెద్ద తెర మీద చూసి మాట్లాడాలి."

ఆవిడ ఫోను పెట్టేశారు. నవత శివకృష్ణ వైపు చూసింది. పండుగలో ప్రొజెక్టర్ తిప్పడంలో పడి అతను ఫోల్డరు ఒక్కసారీ తెరవలేదు. ఇప్పుడు తెరిచాడు. సిగ్నలు అందీ అందక ఫోటోలు ఒక్కొక్కటే వచ్చాయి. బొట్టు. గాజులు. ఎవరిదో మోచేయి. పోశమ్మ నోరు. లెక్కల మాస్టారు, నుదుట బాసికంతో.

"అరే బాప్ రే! నవతక్కా, టీచర్‌కు షాదీ అయిపోయింది!"

నవత ఫోను లాక్కుని చూసింది. తర్వాతి ఫోటోలో మామ చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. ఆ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూసి కళ్ళు మూసుకుంది. సూరత్ స్టేషను వచ్చేదాకా తెరవలేదు.

ఇంటికి చేరేసరికి గుమ్మానికి మామిడి తోరణం ఉంది. ఎల్లవ్వ లడ్డూ పళ్ళెంతో ఎదురొచ్చింది. కోడలి మొహం చూసి పళ్ళెం దించేసింది. నవత అరవలేదు. అరిచినా బాగుండేది. చెప్పులైనా విప్పకుండా స్టూడియో గడప మీద కూలబడింది.

"అయిపోయింది అత్తమ్మా. బొట్టు వద్దన్నది మేడం, గాజులు వద్దన్నది. మీరు పెండ్లే చేసిన్రు. గింజ సచ్చింది. గీ రూం కూడ పోయింది నాకు." అని మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

"నాకేమెరుక బిడ్డా, అది ఫోటువ తీస్తున్నదని!" ఎల్లవ్వ కూడా పక్కనే కూలబడి కోడలి వీపు నిమిరింది. "చప్పుడైతె బల్లి అనుకున్న. నా చేతులిరగ. మేడం కాళ్ళు నేను మొక్కుత. తప్పు నాది, నా కోడలిది గాదని చెప్త."

"బల్లి?" అన్నాడు శివకృష్ణ. నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళి, మళ్ళీ మొహం సరిచేసుకుని లోపలికి వచ్చాడు.

అంతలో ఆటో ఆగింది. వసంతలక్ష్మి తెల్లటి నూలు చీర, మందపాటి కళ్ళద్దాలతో దిగారు. వీధి ఆడవాళ్ళంతా పోశమ్మ వెనుక కిటికీ దగ్గర గుమిగూడారు. లింగం టేపు జేబులో దాచుకుని ఒక మూల నిలబడ్డాడు.

"వెయ్యండి," అన్నారు వసంతలక్ష్మి కుర్చీ లాక్కుని.

శివకృష్ణ వేశాడు. పెద్ద తెర మీద టీచరమ్మ అందరి పిల్లల టీచరుగా రెండు క్షణాలు నిలబడింది. నుదుట బొట్టు మొలిచింది. చేతులకు గాజులు మొలిచాయి. మెడలో పుస్తె మొలిచింది. మొలవనిది గింజ ఒక్కటే. చేతులు గాలివానలా వచ్చి పోయాయి, పక్కన మీసాల మాస్టారు వెలిశాడు, పచ్చటి తలంబ్రాలు కురిశాయి, కుండీలో వరద వచ్చింది, చీమల బారు పెళ్ళికొడుకు తల ఎక్కి దిగింది. కిటికీ దగ్గర ఒకామె కిసుక్కున నవ్వి పోశమ్మ చేత గిల్లించుకుంది. నవత నేల చూస్తూ ఉంది.

"ఆపండి!" అన్నారు వసంతలక్ష్మి. లేచి తెర దగ్గరకు వెళ్ళారు. "వెనక్కి తిప్పండి. ఈ మూల పెద్దది చెయ్యండి. ఊఁ, ఇప్పుడు మెల్లగా నడపండి."

ఆవిడ వేలు టీచరమ్మ మీద లేదు, మాస్టారు మీద లేదు. కుండీ అద్దం మీద ఉంది. అద్దానికి ఆనుకుని గింజ. దాని తెల్లటి తోక ఆకాశం వైపు నిక్కి ఉంది. చూస్తుండగా ఆ తోక కొస కాస్త తడబడింది. పక్కకు వంగింది. ఇంకా వంగింది. ఎవరూ చెయ్యి పెట్టకుండానే, ఎవరూ దారి చూపకుండానే గుండ్రంగా మళ్ళి, తల కిందికి దించుకుని, సూటిగా మట్టిలోకి దిగిపోయింది.

ఆవిడ వేలు తియ్యకుండానే గదిలో వాళ్ళ వైపు తిరిగారు.

"ఇది ఎవరు నాటారు?" అన్నారు వసంతలక్ష్మి.

ఎల్లవ్వ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "నేనే మేడం. కోడలిది ఏం తప్పు లేదు. ఆమె ఊర్ల లేదు."

"వేరును పైకి పెట్టి ఎందుకు నాటారండీ?"

"అది ఏరా?" ఎల్లవ్వ బిత్తరపోయింది. "నేను మొక్క అనుకున్న."

వసంతలక్ష్మి కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. తుడిచినవి కళ్ళద్దాలు మాత్రమే కావు. "అమ్మా నవతా, గింజను ఎలా పెట్టినా వేరు భూమి వైపే తిరుగుతుందని ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెప్పానమ్మా. బోర్డు మీద బాణం గుర్తు వేసి చెప్పాను. 'ఎందుకు మేడం, ఎలా తెలుస్తుంది దానికి?' అని అడిగిన ప్రతి పిల్లకీ మళ్ళీ బాణం గుర్తే వేశాను. అది తిరుగుతుంటే కంటితో చూడ్డం నాకు నిన్న సాయంత్రమే. రాత్రంతా అదే చూస్తూ కూర్చున్నాను. ఫోనులో చెప్తే నా గొంతు నిలవదని చెప్పలేదు."

నవతకు ఆ మాటలు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "అంటే మేడం..." అంది.

"అంటే పాఠాలన్నీ మీరే చేస్తున్నారు. ఈ గదిలోనే. ఈ వేరు ఎలా ఉందో అలాగే ఉంచండి, ఒక్క ఫోటో తీసెయ్యొద్దు."

లింగానికి ఎంత వినబడిందో గానీ, "పార్సిళ్ళాయనకు ఫోన్ కొట్టు," అని శివకృష్ణతో అన్నాడు. "రూం ఖాళీ లేదని చెప్పు. ఎన్నటికీ ఖాళీ గాదని చెప్పు." ఎల్లవ్వ కోడలిని పట్టుకుని, ఇందాక ఆగిన ఏడుపు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు.

"అయితే ఒక్క మాట," వసంతలక్ష్మి మళ్ళీ టీచరయ్యారు. "పెళ్ళి నాకు వద్దు. ఆ టీచరుకి బొట్టు తుడిచేసి, గాజులు తీసి, ఆ ముక్క ఇంకోసారి తియ్యండి."

కిటికీలోంచి పోశమ్మ గొంతు ఖంగుమంది. "నిన్నగాక మొన్న తాళి గట్టించుకున్న పిల్ల నుదురు తుడుస్తరా మేడం? ఎవలు తుడుస్తరు? మీరు తుడుస్తరా?"

నవత శివకృష్ణ వైపు చూసింది. శివకృష్ణ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. లింగం, పిల్లనిచ్చిన తండ్రి, బొమ్మలున్న టేబుల్‌కు అడ్డంగా నిలబడ్డాడు. వసంతలక్ష్మి ఏదో అనబోయి, చెయ్యి తెలియకుండానే తన నుదుటి బొట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. సైన్సులో ఒక్క తప్పును ఒప్పుకోని ఆవిడ చాలాసేపు బొమ్మను చూశారు.

"కొత్త టీచర్ని చెయ్యండమ్మా," అన్నారు చివరికి. "ఈమెను కాపురం చేసుకోనివ్వండి." పళ్ళెంలోంచి ఒక లడ్డూ తీసుకున్నారు.

రెండో టీచరమ్మ తయారు కాకముందే నవత బజారుకు వెళ్ళి స్టూడియో తలుపుకు గట్టి తాళం కొని తెచ్చింది. దాని చెవి ఎల్లవ్వ కొంగుకు ముడివేసి ఉంది.